మీ చేతికి సరిపోయే పిస్టల్



ఈపూరు నుంచి వినుకొండ దాకా, అక్కణ్ణించి నరసరావుపేట దాకా, మన పల్నాట్లో పిస్టల్ అనే మాట ఇంట్లో వినపడితే తల్లుల గుండె గుభేలుమంటుంది. అందులో తప్పు లేదు. కారెంపూడి యుద్ధాన్ని మనం కథగా విన్నాం, వీరుల గుడికి వెళ్లి మొక్కుకున్నాం. కానీ మన తరానికి ఆయుధమంటే ఊళ్ల మధ్య పగలు, నాటుబాంబులు, కోర్టు వాయిదాలకు కరిగిపోయిన ఎకరాలు. అలాంటి నేల మీద పెరిగిన ఆడపిల్ల వచ్చి "నాన్నా, నాకు పిస్టల్ కొనిపెట్టు" అంటే ఆ ఇంట్లో ఏం జరుగుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

అయినా పిల్లలు అడుగుతున్నారు. 2024 జూలై 28న పారిస్ ఒలింపిక్స్‌లో మను భాకర్ 10 మీటర్ల ఎయిర్ పిస్టల్‌లో కంచు పతకం గెలిచింది. రెండు రోజులు తిరక్కుండా సరబ్‌జోత్ సింగ్‌తో కలిసి ఇంకొకటి తెచ్చింది. అంతకు ఏడాది ముందే, 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మన హైదరాబాదు అమ్మాయి ఈషా సింగ్ పిస్టల్‌తో నాలుగు పతకాలు సాధించింది. అందులో ఒకటి జట్టు బంగారం. గుంటూరు కుర్రాడు ముకేశ్ నేలవల్లి 2024లో పెరూ దేశంలోని లీమాలో జరిగిన జూనియర్ ప్రపంచ పోటీల నుంచి పతకాలతో తిరిగొచ్చాడు. పల్నాడు వేరే జిల్లా అయింది 2022 ఏప్రిల్‌లోనే కదా. అప్పటిదాకా మనదీ గుంటూరు జిల్లాయే. కాబట్టి ఆ కుర్రాడు మనకు పరాయివాడు కాదు.

ఇవన్నీ టీవీలో చూశాక తల్లిదండ్రులు మొట్టమొదట అడిగే ప్రశ్న ఒకటే. "ఏ కంపెనీది కొనమంటారు?" ఈ రోజు ఆ ప్రశ్నకు జవాబు చెబుదామని కూర్చున్నాను. జవాబు మాత్రం కంపెనీ పేరుతో మొదలవదు. ముందు ఆట సంగతి చూద్దాం.

10 మీటర్ల ఎయిర్ పిస్టల్ పోటీలో మందుగుండు ఉండదు. సిలిండర్‌లో బిగించిన గాలి తోస్తే నాలుగున్నర మిల్లీమీటర్ల సీసపు పెల్లెట్, సెకనుకు దాదాపు 150 మీటర్ల వేగంతో వెళ్లి గురికి తగులుతుంది. ఆ పెల్లెట్ ముక్కు సూదిగా ఉండదు, చదునుగా ఉంటుంది. కాగితానికి గుండ్రంగా, అంచు చెదరకుండా చిల్లు పడాలని అలా చేస్తారు. ఆడేవాళ్లు నిలబడి, ఒకే చేత్తో, మణికట్టుకు ఏ ఆసరా లేకుండా కాల్చాలి. 75 నిమిషాల్లో 60 షాట్లు. పదికి పది తెచ్చిపెట్టే నడిమి వలయం అడ్డకొలత పదకొండున్నర మిల్లీమీటర్లు, అంటే మీ చొక్కా గుండీ అంత. పది మీటర్ల అవతల ఆ గుండీని అరవైసార్లు కొట్టాలి.

ఇప్పుడు ఒక లెక్క చెబుతాను. ఈ ఆట అంతా ఆ లెక్కలోనే ఉంది, కాబట్టి కొంచెం ఓపిగ్గా వినండి. పిస్టల్ మీద గురి చూడటానికి రెండు సైట్లుంటాయి. గొట్టం చివర ఒక చిన్న దిమ్మ, అది ముందు సైటు. కంటికి దగ్గరగా గంటు పెట్టిన పలక, అది వెనక సైటు. వెనక గంటులో ముందు దిమ్మ సరిగ్గా మధ్యన, పైఅంచు సమంగా కనపడాలి. ఈ రెంటి మధ్య దూరం సుమారు 32 సెంటీమీటర్లు. చెయ్యి మొత్తం ఒక పక్కకు అయిదు మిల్లీమీటర్లు ఊగినా, ఆ రెండు సైట్ల పొందిక చెడకపోతే, పెల్లెట్ కూడా అయిదు మిల్లీమీటర్లే పక్కకు పోతుంది. అయినా పదే వస్తుంది. చెయ్యి కదలకుండా మణికట్టు మాత్రం తిరిగి, ముందు సైటు ఒక్క మిల్లీమీటరు పక్కకు జరిగిందనుకోండి. పెల్లెట్ అవతల 31 మిల్లీమీటర్ల దూరంలో పడుతుంది. పది రావాల్సిన చోట ఏడు వస్తుంది.

అంటే చెయ్యి వణకడం పెద్ద నేరం కాదు. వణకని చెయ్యి మనుషుల్లో ఎవరికీ ఉండదు. మణికట్టు తిరగడమే నేరం. ఆ మణికట్టును తిరగనివ్వకుండా పట్టి ఉంచేది పిస్టల్ పిడి. ఈ ఒక్క ముక్క అర్థమైతే పిస్టల్ ఎలా ఎంచుకోవాలో సగం తెలిసినట్టే.

ఇక కార్ఖానాల సంగతి. పోటీలకు పనికొచ్చే ఎయిర్ పిస్టల్ చేసే పేరున్న సంస్థలు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే. ఆస్ట్రియాలో స్టైయర్, జర్మనీలో వాల్టర్, ఫైన్‌వెర్క్‌బావు, స్విట్జర్లాండ్‌లో మొరీని, ఇటలీలో పార్దీనీ. వాల్టర్ వాళ్ల పాత ఎయిర్ పిస్టల్ ఒకటి మీలో చాలామంది చూసే ఉంటారు, అదేమిటో తెలియకుండానే. 1963 నాటి జేమ్స్ బాండ్ సినిమా "ఫ్రమ్ రష్యా విత్ లవ్" పోస్టర్ల మీద షాన్ కానరీ గుండెకు ఆనించి పట్టుకున్నది నిజం పిస్టల్ కాదు, ఎల్‌పీ 53 అనే గాలి పిస్టల్. మన కృష్ణగారు "గూఢచారి 116"తో ఆంధ్రదేశాన్ని ఊపింది ఆ తరువాత మూడేళ్లకి. పిస్టల్ అంటే మన మనసుల్లో ఉన్న బొమ్మ చాలావరకు ఆ సినిమాలదే. ఆ బొమ్మను చెరిపేసుకోకుండా ఈ ఆట ఆడలేం.

ఈ సంస్థలు చేసిన పిస్టల్ కొంటే పెట్టెలో ఒక చిన్న కాగితం ముక్క వస్తుంది. కార్ఖానాలో ఆ పిస్టల్‌ను యంత్రానికి బిగించి పది మీటర్ల నుంచి కాల్చిన పరీక్ష కాగితం అది. నాలుగైదు పెల్లెట్లు పోయినా ఒకే చిల్లు కనిపిస్తుంది, ఆ చిల్లు పది వలయం కన్నా చిన్నదిగానే ఉంటుంది. అంటే ఏ మంచి కార్ఖానా పిస్టల్ అయినా పెట్టెలోంచి తీసిన రోజే ఒలింపిక్ విజేత కన్నా సూటిగా కాలుస్తుంది. గొట్టం గొప్పతనం కోసం కంపెనీల మధ్య కొట్టుమిట్టాడటం దండగ. ఆ అయిదింటిలో ఏది కొన్నా సూటిదనంలో మోసపోరు. తేడా ఉండేది మూడు చోట్ల. పిడి దగ్గర, ట్రిగ్గర్ దగ్గర, చెడిపోతే బాగుచేసేవాడు ఎంత దూరంలో ఉన్నాడన్న దగ్గర.

పిడితో మొదలుపెడదాం. ఇది చెక్కతో చేసి ఉంటుంది, చేతి ఆకారానికి తగ్గట్టు గుంటలు, ఉబ్బులు ఉంటాయి. చిన్న, మధ్య, పెద్ద కొలతల్లో, కుడిచేతికీ ఎడమచేతికీ వేరువేరుగా దొరుకుతుంది. పాదం చూడకుండా చెప్పులు కొనం. కానీ పిడి కొలత అడక్కుండా లక్షన్నర పోసేవాళ్లున్నారు. పిస్టల్ ఎప్పుడూ ఆడబోయే మనిషి చేతికి పెట్టి చూడందే కొనకండి.

ఎలా చూడాలో చెబుతాను. పిస్టల్ ఖాళీగా ఉందని రెండుసార్లు చూసి, గొట్టం గోడవైపు ఉంచి, ఎడమచేత్తో గొట్టం పట్టుకుని కుడి అరచేతిలోకి పిడిని లోతుగా నెట్టండి. బొటనవేలు, చూపుడువేలు మధ్యనున్న గుంటలోకి పిడి వెనకభాగం పూర్తిగా కూర్చోవాలి. కిందున్న అరచేతి పలక చెయ్యిని కింది నుంచి మెత్తగా తాకాలి, నొక్కకూడదు. చూపుడువేలి మొదటి కణుపు మధ్యభాగం ట్రిగ్గర్ మీద సహజంగా వాలాలి. వేలు సాగదీసి అందుకోవాల్సి వస్తే పిడి పెద్దది. కణుపు మడత దాకా చుట్టుకుపోతే చిన్నది. ట్రిగ్గర్‌ను ముందుకు వెనక్కు జరిపే వీలు అన్ని మంచి పిస్టళ్లలోనూ ఉంటుంది గనక కొంత సర్దుకోవచ్చు, మొత్తం సర్దుకోలేం.

ఇప్పుడు అసలు పరీక్ష. గురివైపు పక్కగా నిలబడి, కళ్లు మూసుకుని, చెయ్యి చాపి పిస్టల్‌ను కంటి ఎత్తుకు లేపండి. ఊపిరి సగం వదిలి కళ్లు తెరవండి. ముందు సైటు వెనక గంటులో మధ్యన కనపడితే ఆ పిడి మీ చేతికి పుట్టింది. ఎడమకో కుడికో పారిపోయి కనపడితే, మణికట్టు తిప్పి సరిచేయాలనిపిస్తుంది. తిప్పకండి. ఆ తిప్పడమే ఇందాక చెప్పిన 31 మిల్లీమీటర్లు. మొదటి పది షాట్లకు తిప్పి పట్టుకోగలరు. నలభయ్యో షాటుకు కండరం అలిసిపోయి, పిడి ఎటు చూపిస్తే అటే పోతుంది. సరిపోని పిడిని చెక్కపొడి ముద్దతో పూడ్చి, ఆకురాయితో చెక్కి, కోచ్ దగ్గరుండి చేతికి మలచుకోవచ్చు. పెద్ద ఆటగాళ్లందరూ చేసేదే. నియమం ఒక్కటే, పిడి ఏ భాగమూ మణికట్టుకు ఊతంగా ఉండకూడదు.

చెయ్యి తరువాత కన్ను. ఇది మీరు ఇప్పుడు కూర్చున్న చోటే చేసి చూడొచ్చు. రెండు చేతులూ ముందుకు చాపి, రెండు అరచేతుల మధ్య చిన్న సందు మిగిలేలా దగ్గరకు చేర్చండి. ఆ సందులోంచి ఎదురుగా ఉన్న గడియారాన్నో, క్యాలెండర్‌నో రెండు కళ్లతో చూడండి. ఇప్పుడు ఒక కన్ను, తరువాత ఇంకొకటి మూయండి. ఏ కన్ను తెరిచి ఉన్నప్పుడు ఆ వస్తువు సందులోనే నిలబడిందో అదే మీ పెత్తనపు కన్ను. కుడిచేతి వాటం, కుడి కన్ను పెత్తనం కలిసి వస్తే బాధ లేదు. కుడిచేతి వాటానికి ఎడమ కన్ను పెత్తనం ఉంటే పిస్టల్ కొనక ముందే కోచ్‌తో చెప్పండి. అలాంటి పిల్లలకు ఏ చేతి పిడి కొనాలి, తల ఎంత తిప్పాలి అన్నది ముందే తేల్చుకోవాలి. ఈ చిన్న పరీక్ష చేయక, రెండేళ్లు కష్టపడ్డాక చేతి వాటమే మార్చుకోవాల్సి వచ్చిన పిల్లలున్నారు.

ఇక ట్రిగ్గర్. పోటీకి ముందు తనిఖీ బల్ల దగ్గర 500 గ్రాముల బరువును ట్రిగ్గర్‌కు తగిలించి పిస్టల్‌ను నిలువుగా పైకెత్తుతారు. ట్రిగ్గర్ ఆ బరువు మోయాలి. మోయకపోతే లోపలికి రానివ్వరు. పిస్టల్ మొత్తం బరువు కిలోన్నర దాటకూడదు. 42 సెంటీమీటర్ల పొడవు, 20 ఎత్తు, 5 మందం ఉన్న పెట్టెలో పట్టాలి. ఈ నియమాలు కార్ఖానాకు తెలుసు, కొత్త పిస్టల్‌తో ఇబ్బంది రాదు. ఇబ్బంది వచ్చేది మనవాళ్లు చెయ్యి పెట్టినప్పుడు. మన ప్రాంతంలో ట్రాక్టర్ గేరు దగ్గర్నుంచి బోరు మోటారు దాకా బాగుచేసే చేతులున్నాయి, వాళ్ల పనితనం మీద నాకు గౌరవం ఉంది. కానీ ట్రిగ్గర్ లోపలి కొక్కెం అంచును వెంట్రుక మందం అరగదీసినా పిస్టల్ తనంతట తానే పేలొచ్చు. దాన్ని ఏ లేత్ దగ్గరకూ తీసుకెళ్లకండి. స్క్రూలు తిప్పి బరువు సర్దుకోవడం వరకే మన హద్దు.

ట్రిగ్గర్లలో రెండు రకాలు. ఒకటి పూర్తిగా యంత్రంతో పనిచేసేది, ఇంకొకటి బ్యాటరీతో నడిచే ఎలక్ట్రానిక్ ట్రిగ్గర్. రెండోది వేలికి అద్దంలా ఉంటుంది. ప్రపంచస్థాయి ఆటగాళ్లు చాలామంది దాన్నే వాడతారు. అయినా ఈపూరు పిల్లకు నేను యంత్రపు ట్రిగ్గరే చెబుతాను. బ్యాటరీ అయిపోతే మార్చుకోవచ్చు, లోపలి సర్క్యూట్ పోతే విడిభాగం దొరికేదాకా ఆట ఆగిపోతుంది. బాగుచేసే మనిషి హైదరాబాదులోనో ఢిల్లీలోనో ఉన్నప్పుడు, విప్పి చూస్తే తప్పు కంటికి కనపడే యంత్రమే మేలు.

యంత్రం చెడిపోవడం ఎంత పని చేస్తుందో దేశమంతా చూసింది. టోక్యో ఒలింపిక్స్, 2021 జూలై. మను భాకర్‌కు అప్పుడు పంతొమ్మిదేళ్లు. పోటీ మధ్యలో పిస్టల్ లివర్ విరిగింది. బాగుచేయించుకుని వచ్చేసరికి 44 షాట్లకు 36 నిమిషాలే మిగిలాయి. అంత హడావుడిలోనూ 575 పాయింట్లు చేసింది. పన్నెండో స్థానం. రెండు పాయింట్ల తేడాతో ఫైనల్ చేజారింది. అదే అమ్మాయి మూడేళ్ల తరువాత పారిస్ ఫైనల్లో 221.7 దగ్గర ఆగి కంచు అందుకుంది. ఆ క్షణాన ఆమెకన్నా ముందున్న కొరియా అమ్మాయి కిమ్ యేజీకి 221.8. తేడా ఒక్క దశాంశం. గురి కాగితం మీద ఒక దశాంశమంటే ఒక మిల్లీమీటరు కూడా కాదు, 0.8 మిల్లీమీటరు. కాబట్టి పిస్టల్ కొన్న రోజునే దానికి కావలసిన రబ్బరు రింగులు, స్ప్రింగులు, విడి సిలిండర్ కొని పెట్టుకోండి. ఇంకో లక్ష పెట్టి సోకులు చేసే కన్నా ఇది నయం.

గాలి సంగతికి మన ఊళ్లలో ప్రత్యేకంగా జాగ్రత్త కావాలి. ఈ సిలిండర్లలో గాలి 200 బార్ల ఒత్తిడితో నింపుతారు. టైర్ల షాపువాడి భాషలో చెప్పాలంటే 2,900 పాయింట్లు. అతను మీ మోటారు సైకిల్‌కు పట్టేది ముప్పై పాయింట్లు. ఆ షాపు కంప్రెసర్‌తో ఈ సిలిండర్ నింపడం కుదరదు, ప్రయత్నించనే కూడదు. దీనికి ప్రత్యేకమైన చేతి పంపు వస్తుంది, లేదా నీటిలో మునిగేవాళ్లు వాడే పెద్ద సిలిండర్ నుంచి నింపుకుంటారు. చేతి పంపుకు తేమను పట్టే ఫిల్టర్ తప్పనిసరి. వానాకాలం గాలి తేమతో సహా లోపలికి పోతే తుప్పు పడుతుంది. సిలిండర్ మీద తయారీ తేదీ చెక్కి ఉంటుంది. పదేళ్లు దాటినదాన్ని పక్కన పెట్టాలి. మే నెలలో మన పల్నాటి ఎండ మీకు తెలుసు. నిండిన సిలిండర్‌ను కారులోనో, బండి డిక్కీలోనో వదిలి పెళ్లి భోజనానికి వెళ్లకండి.

గాలి నింపే బెడద వద్దనుకునేవాళ్లకు ఒక పాత దారి ఉంది. రష్యాలోని ఇజెవ్‌స్క్‌లో చేసిన బైకాల్ ఐజెడ్‌హెచ్ 46 ఎమ్ అనే పిస్టల్. కింద ఉన్న లివర్‌ను ఒకసారి తెరిచి మూస్తే ఒక షాటుకు సరిపడా గాలి బిగుసుకుంటుంది, సిలిండర్ అక్కర్లేదు. చూడటానికి మొరటుగా ఉంటుంది, గురి మాత్రం గట్టిది. ఎన్నో దేశాల క్లబ్బుల్లో కొత్తవాళ్లు దానిమీదే నేర్చుకున్నారు. మంచి స్థితిలో ఉన్నది సెకండ్‌హ్యాండ్‌లో దొరికితే విడిచిపెట్టొద్దని నా సలహా. అయితే ప్రతి షాటుకూ ఆ లివర్ లాగాలంటే పదేళ్ల పిల్లల చేతికి కష్టం. పదిహేను దాటినవాళ్లకు సరే.

సెకండ్‌హ్యాండ్ అన్నాను గనక ఇంకో మాట. మంచి ఎయిర్ పిస్టల్ ముసలిదవడానికి చాలా కాలం పడుతుంది. పెద్ద పోటీలకు ఎదిగినవాళ్లు పాతది అమ్మి కొత్తది కొంటారు, అలాంటిది చేజిక్కితే అదృష్టమే. సిలిండర్ తేదీ చూడండి. నింపిన మర్నాడు గాలి తగ్గిందేమో చూడండి. కొన్నప్పటి బిల్లు, పిస్టల్ మీది నంబరు కలుస్తున్నాయో లేదో చూడండి. కాగితం లేనిది ఎంత చవగ్గా వచ్చినా ముట్టుకోకండి. మన ప్రాంతం పేరు దృష్ట్యా ఈ మాట రెండుసార్లు చెబుతున్నాను. కాగితం లేనిది ముట్టుకోకండి.

చట్టం ఏమంటుందో కూడా విందాం. నాలుగున్నర మిల్లీమీటర్ల గొట్టం, 20 జూళ్ల లోపు శక్తి ఉన్న గాలి ఆయుధానికి 2016 నాటి ఆయుధ నిబంధనల ప్రకారం లైసెన్సు అక్కర్లేదు. పోటీ ఎయిర్ పిస్టల్ శక్తి ఆరు జూళ్ల చుట్టుపక్కలే ఉంటుంది. అయినా కొనేముందు మీ పోలీసు స్టేషన్‌కు వెళ్లి, పలానా పిల్ల ఆట కోసం పలానా పిస్టల్ కొంటున్నామని చెప్పి, బిల్లు నకలు ఇచ్చి రండి. దాచుకోవాల్సిన పని కాదని ఊరికి తెలియాలి. 25 మీటర్ల పోటీలో వాడే పాయింట్ 22 పిస్టల్ దారి వేరు. అందులో మందుగుండు ఉంటుంది. 1959 ఆయుధాల చట్టం కింద లైసెన్సు కావాలి, తూటాలకు లెక్క ఉంటుంది, సాధన చేసే రేంజి దాటి దాని పేరెత్తకూడదు. ఈషా సింగ్ ఆసియా బంగారం ఆ పోటీలోదే. కానీ ఆమె మొదలుపెట్టింది గాలి పిస్టల్‌తో. మొదటి రోజునే పాయింట్ 22 కలలు కనే కుర్రాళ్లకు నా మాట, ముందు గాలితో పది కొట్టండి.

డబ్బు మాటకొద్దాం. పోటీ స్థాయి దిగుమతి పిస్టల్ లక్షన్నర పైమాటే, కొన్ని రెండు లక్షలు దాటతాయి. కౌలు రైతు ఇంట్లో అది ఒక ఏడాది మిర్చి కష్టం. గగన్ నారంగ్‌కు రైఫిల్ కొనడానికి వాళ్ల నాన్నగారు ఇంటి స్థలం అమ్మారన్న సంగతి అందరికీ తెలిసిందే. ఆ కొడుకు 2012 లండన్ ఒలింపిక్స్‌లో పతకం తెచ్చి తండ్రి రుణం తీర్చాడు. అది నిజమైన, గొప్ప కథ. కానీ దాన్ని విని ఈపూరులో ఎవరైనా పొలం బేరం పెడితే నేను ఒప్పుకోను. మొదటి ఏడాది సొంత పిస్టల్ అక్కర్లేదు. రేంజిలో అద్దెకిచ్చేదానితో నేర్చుకోవచ్చు.

ఇంటి దగ్గర మీరు చేయించాల్సింది వేరే ఉంది. లీటరు నీళ్ల సీసా బరువు కిలో. పోటీ పిస్టల్ బరువూ దాదాపు అంతే. సీసాను చాపిన చేత్తో భుజం ఎత్తుకు లేపి, పది సెకన్లు నిలిపి, దించాలి. మళ్లీ లేపాలి. 60 షాట్ల పోటీలో సాధన షాట్లు, నచ్చక దించేసినవి కలుపుకుంటే వందసార్లు పైనే లేపాల్సి వస్తుంది. మూడు నెలలపాటు ఎవరూ గుర్తుచేయకుండా ఈ పని తనంతట తాను చేసే పిల్లకు పిస్టల్ కొనండి. పదోరోజుకే సీసాలో నీళ్లు తాగేసిన పిల్లాడికి క్రికెట్ బ్యాటు కొనండి, వాడూ సంతోషిస్తాడు.

పిస్టల్ వచ్చాక కూడా సాధనలో ఎక్కువ భాగం పెల్లెట్ లేకుండానే జరుగుతుంది. మంచి పిస్టళ్లన్నిటికీ డ్రై ఫైర్ ఏర్పాటు ఉంటుంది. గాలి ఖర్చు కాకుండా ట్రిగ్గర్ మాత్రం నిజంగా నొక్కినట్టే పనిచేస్తుంది. తెల్ల గోడకు ఎదురుగా నిలబడి సైట్లు చూస్తూ నొక్కాలి. నొక్కినప్పుడు ముందు సైటు కదిలిందా లేదా, అంతే. దీనికి పైసా ఖర్చు లేదు. ఈ ఏర్పాటు లేని పిస్టల్‌ను ఎంత తక్కువకిచ్చినా కొనొద్దు.

ఈషా సింగ్ ఇంటి సంగతి చెప్పకపోతే ఈ ప్రసంగం నిండదు. వాళ్ల నాన్నగారు సచిన్ సింగ్ కారు ర్యాలీల్లో పాల్గొన్న మనిషి. తొమ్మిదేళ్లప్పుడు గచ్చిబౌలి రేంజిలో ఆట చూసి ఆ పిల్ల ముచ్చటపడితే, ఇంట్లోనే కాగితం గురులతో ఒక రేంజి ఏర్పాటు చేశారాయన. 2018లో తిరువనంతపురంలో జరిగిన జాతీయ పోటీల్లో, పదమూడేళ్ల వయసులో, మను భాకర్, హీనా సిద్ధు లాంటి వాళ్లను దాటి ఈషా పెద్దల విభాగంలో విజేత అయింది. నగరంలో ఉండటం, రేంజి దగ్గరగా ఉండటం ఆమెకు కలిసొచ్చిన మాట నిజమే. ఇంట్లో కట్టుకున్న ఆ రేంజి మాత్రం ఎవరైనా కట్టుకోగలిగిందే.

ఏం కావాలి దానికి? కాల్చే గీత నుంచి గురికి పది మీటర్లు. గురి నడిమి భాగం నేల నుంచి ఒక మీటరు 40 సెంటీమీటర్ల ఎత్తు. 17 సెంటీమీటర్ల చదరపు కాగితం గురి. దాని వెనక పెల్లెట్లు తగిలి కిందపడేలా వాలుగా బిగించిన ఇనపరేకు పెట్టె, ఆ వెనక ఇటుక గోడ. గురి మీద పడే మంచి దీపం. ఒకటే తలుపు, ఆ తలుపు కాల్చేవాళ్ల వెనకవైపు ఉండాలి. గీత దాటి ముందు ఒక్క ప్రాణి ఉన్నా పిస్టల్ ఎత్తకూడదు, అది కోడిపిల్ల అయినా సరే. కాల్చనప్పుడు గొట్టంలోంచి రంగు దారం దూర్చి ఉంచాలి. లోపల పెల్లెట్ లేదని దూరం నుంచే తెలియడానికి అది, అంతర్జాతీయ నియమం కూడా. కళ్లకు అద్దాలు పెట్టాలి. పెల్లెట్లు సీసంతో చేసినవి కాబట్టి ఆట అయ్యాక సబ్బుతో చేతులు కడగనిదే అన్నం ముట్టకూడదు. పిస్టల్, సిలిండర్ వేరువేరు చోట్ల తాళం వేసి పెట్టాలి, తాళం చెవి పెద్దవాళ్ల దగ్గరే ఉండాలి. పెళ్లి ఊరేగింపులో, తిరునాళ్లలో, సెల్‌ఫోన్ రీల్స్‌లో ఆ పిస్టల్ కనపడిందో, ఆ రోజే దాన్ని పెట్టెలో పెట్టి అమ్మేయండి. ఈ విషయంలో నాకు జాలి లేదు.

ఇక పోటీల దారి. జాతీయ రైఫిల్ సంఘం 1951లో ఏర్పడింది, దాని మొదటి అధ్యక్షుడు లోక్‌సభ తొలి స్పీకర్ మావళంకర్ గారు. ఆయన పేరు మీద జరిగే అఖిల భారత పోటీలు దాటితే జాతీయ పోటీలకు దారి తెరుచుకుంటుంది. రాష్ట్ర సంఘంలో సభ్యత్వం, రాష్ట్ర పోటీ, ఆ తరువాత మావళంకర్ పోటీ. ఇదీ నిచ్చెన. మొదటి మెట్టు ఎక్కడానికి కావలసింది ఒక పిస్టల్ కన్నా ముందు ఒక గది.

అందుకే చివరగా ఒక విన్నపం. ఈపూరులోనూ, చుట్టుపక్కల ఊళ్లలోనూ పత్తి నింపే గోడౌన్లు, వాడకుండా పడి ఉన్న పాత బడి గదులు, కల్యాణ మండపాల వెనక హాళ్లు ఉన్నాయి. పదిహేను మీటర్ల పొడవు, గట్టి వెనక గోడ ఉన్న గది మీ చేతిలో ఉంటే, సాయంత్రాలు రెండు గంటలు పిల్లలకు ఇవ్వండి. నలుగురు తల్లిదండ్రులు కలిసి ఒకే పిస్టల్ కొనండి, నాలుగు చేతుల కొలతలకు నాలుగు పిడులు కొనండి. వ్యాయామ ఉపాధ్యాయుణ్ణి ఒకసారి హైదరాబాదు పంపి నేర్పించుకురండి. స్టేషన్ ఎస్‌ఐ గారిని ప్రారంభానికి పిలవండి, ఆయన ముందే నియమాల పట్టిక గోడకు అంటించండి. మన పిల్లలకు చేతులున్నాయి, ఓపిక ఉంది. పది మీటర్ల చోటు మనం ఇద్దాం.